టెండరా, సొంత గ్యాంగా, ఏడాది కాంట్రాక్టా? ఊరి పనుల్లో ఏది ఎవరి చేతికివ్వాలి

మా బావమరిది మన జిల్లాలోనే ఒక చిన్న మున్సిపాలిటీలో కౌన్సిలర్. ఊరి పేరు చెప్పను, చెబితే వాడు మళ్ళీ మా ఇంటి గడప తొక్కడు. మొన్న గుంటూరు వచ్చినప్పుడు బ్రాడీపేట నాలుగో లైన్లో టీ తాగుతూ ఒక మాటన్నాడు. వాళ్ళ ఊళ్ళో కాలవల పూడిక, వీధి దీపాలు, రోడ్ల గుంతలు, పార్కులు, మోటార్లు అన్నీ కట్టగట్టి ఒకే ఏజెన్సీకి మూడేళ్ళకి ఇచ్చేద్దామని ప్రతిపాదన వచ్చిందట. "అదే మంచిది కదా బావా, ఏది చెడిపోయినా ఒక్కడి గొంతు పట్టుకుంటే సరిపోతుంది" అన్నాడు. నువ్వు పట్టుకోవాలనుకున్న రోజున ఆ గొంతు హైదరాబాద్‌లో ఉంటుంది, ఫోన్ కూడా ఎత్తదు అన్నాను. అక్కడ మొదలైన మాటలు రెండు గంటలు సాగాయి, మూడు టీలయ్యాయి. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒక సంగతి. నేను ఇరవై రెండేళ్ళుగా చిన్న కాంట్రాక్టర్ని. సీసీ రోడ్లు, సైడు కాలవలు, కల్వర్టులు, అప్పుడప్పుడు స్కూలు కాంపౌండ్ వాల్. అంటే నేనూ ఆ తానులో ముక్కనే. కాంట్రాక్టర్ల గురించి నేను మంచి చెబితే కాస్త తగ్గించుకుని వినండి, చెడు చెబితే మాత్రం పూర్తిగా నమ్మొచ్చు.

అందరూ మొదట అడిగేది ఏ పద్ధతి చవక అని. దానికి జవాబు లేదు, ఎందుకంటే ఒక పనికి చవకగా తేలిన పద్ధతే ఇంకో పనికి కొరివితో తల గోక్కున్నట్టవుతుంది. నేనైతే ముందు పని వైపు చూస్తాను. అయ్యాక టేపు పెట్టి కొలవగలమా? తప్పు చేస్తే ఎన్నాళ్ళకి బయటపడుతుంది, రేపేనా, రెండు వానాకాలాలు దాటాకా? పని ఆగితే జనం ఎన్ని గంటలు ఓర్చుకుంటారు? సీసీ రోడ్డు కొలతకి అందుతుంది, కానీ అందులో తప్పు ఏడాదో రెండేళ్ళో గడిచాక గానీ కనపడదు. మంచినీళ్ళ పైపు పగిలితే ఆ పూటే తెలుస్తుంది, జనానికి ఓపిక అసలు ఉండదు. పూడిక ఇంకో రకం, తీశామన్నదానికి సాక్ష్యం వారం తిరక్కుండానే మాయమైపోతుంది. ఇన్ని రకాల పనుల్ని ఒకే గాటన కట్టి ఒకే కాగితం మీద రాసిస్తే, అందులో ఏది సులువో అది జరుగుతుంది, ఏది కష్టమో అది మూల పడుతుంది.

కొత్త రోడ్డు, కొత్త కాలవ: టెండరే, కానీ లెస్ చూసి మురిసిపోవద్దు

కొత్తగా కట్టే పనికి విడిగా టెండర్ పిలవడమే మేలు, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. మన రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ 2003లో మొదలైంది. అంతకుముందు మా మేనమామ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో టెండర్ బాక్సు దగ్గర తోపులాటలు చూశాను, షెడ్యూలు కొననివ్వకుండా గేటు దగ్గరే మనుషుల్ని నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు ఎవడైనా ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు. అలాగని రింగవడం, అంటే కాంట్రాక్టర్లు ముందే కూడబలుక్కోవడం, పోయిందని కాదు, ఊళ్ళో కాంట్రాక్టర్లు నలుగురే అయితే గేటు దగ్గర కలవాల్సిన పనేముంది, ఫోన్లోనే రింగయిపోతారు. 2019లో రివర్స్ టెండరింగ్ (తక్కువ వేసినవాడి రేటు చూపించి ఇంకా తగ్గించమని మళ్ళీ పోటీ పెట్టడం) అన్నారు, 2024లో తీసేశారు. మన సందు రోడ్లకి ఆ రెండింటి వల్లా పెద్దగా ఒరిగింది లేదు, పోయింది లేదు.

జాగ్రత్త పడాల్సింది లెస్ దగ్గర, అంటే ఎస్టిమేట్ కన్నా ఇంత తక్కువకి చేస్తామని వేసే రేటు దగ్గర. ఎస్టిమేట్ మీద 5 శాతం మించి ఎక్సెస్ వేస్తే ఒప్పుకోరు. లెస్‌కి మాత్రం అడ్డు లేదు, 25 శాతం దాటి తగ్గిస్తే ఆ తేడాకి అదనపు సెక్యూరిటీ కట్టమంటారు, అంతే. అందుకని 22, 23, 24.9 దగ్గర ఆగేవాళ్ళు కొల్లలు. మర్నాడు పేపర్లో "మున్సిపాలిటీకి ఇంత ఆదా" అని వస్తుంది. సరే, లెక్క వేద్దాం. పది లక్షల పని. ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) రేట్లలో కాంట్రాక్టర్ లాభం, ఓవర్‌హెడ్లు కలిపి పదమూడు పద్నాలుగు శాతం వేసి ఉంటుంది, అంటే పది లక్షల్లో అటూ ఇటుగా లక్షా ఇరవై వేలు. మిగిలిన ఎనిమిది లక్షల ఎనభై వేలూ సిమెంటు, కంకర, ఇసుక, కూలి. 22 శాతం లెస్‌కి వేసినవాడి చేతికొచ్చేది ఏడు లక్షల ఎనభై వేలు. లాభం మొత్తం వదులుకున్నా ఇంకో లక్ష తక్కువ పడుతోంది. ఆ లక్ష వాడి జేబులోంచి రాదు కదా. బయట సరుకు చవగ్గా దొరికే సీజన్లు ఉంటాయి, సొంత మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం), సొంత ట్రాక్టరు ఉన్నవాడికి కొంత కలిసొస్తుంది, కాబట్టి ఎనిమిది పది శాతం లెస్ అంటే నేను నమ్ముతాను. ఇరవై దాటిందంటే అది రోడ్డు మందంలోంచే రావాలి.

ఎలా వస్తుందో చెబుతాను. ఆరంగుళాల సీసీ రోడ్డు అంటే రెండు వైపులా ఆరంగుళాల ఛానల్ షట్టరింగ్ పెడతారు. అంచున టేపు పెడితే కొలత పక్కాగా వస్తుంది, ఎం-బుక్‌లో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, ఎక్కేది కూడా అదే. నడి రోడ్డుకొచ్చేసరికి కింద గ్రావెల్‌ని కాస్త గుమ్మటంలా ఎత్తి రోలర్ తొక్కిస్తారు, పైన కాంక్రీటు నాలుగంగుళాలు ఉంటే గొప్ప. పైనుంచి చూసేవాడికి తేడా తెలియదు. కాంక్రీటు పచ్చిగా ఉండగానే ఒక ఇనప చువ్వ నడిమధ్యన గుచ్చి, తడి ఎంతవరకు అంటిందో వేలితో పట్టుకుని టేపు మీద పెడితే సంగతి తేలిపోతుంది. కొరిటెపాడు వైపు నా పనే జరుగుతుంటే ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు గొడుగు చివరతో ఇలాగే గుచ్చారు. అయిదంగుళాలకి కొంచెం తక్కువ వచ్చింది. నేను లేనప్పుడు మేస్త్రీ చేసిన నిర్వాకం అది, అయినా బాధ్యత నాదే కదా, ఆయన ముందే ఆ బిట్‌లో కాంక్రీటు పక్కకి లాగించి కింద మట్టి చెక్కించాను. ఆ మధ్యాహ్నం ఎండ కన్నా ఆయన చూపే ఎక్కువ కాల్చింది.

క్యూబ్ టెస్టు (కాంక్రీటు దిమ్మెలు పగలగొట్టి గట్టితనం చూసే పరీక్ష) రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండొద్దు. 28 రోజుల తర్వాత పగలగొట్టే ఆ క్యూబుల కోసం సిమెంటు ఎక్కువేసి విడిగా మాలు కలిపేవాళ్ళున్నారు. అనుమానం ఉంటే వేసిన రోడ్డులోంచే కోర్ (గుండ్రటి ముక్క) తీయించండి, మందం, గట్టితనం రెండూ ఒకేసారి తేలతాయి. దానికి ఖర్చవుతుందంటే, 20 శాతం ఆదా అయిందని చెప్పుకున్న డబ్బులోంచి తీయండి.

ఇక చిన్న బిట్లు. మూడు లక్షలదొకటి, రెండున్నర లక్షలదొకటి అని ఊరంతా ముక్కలు చేస్తే బయటి ఊరి మంచి కాంట్రాక్టర్ అసలు తొంగి చూడడు, మిల్లరు దించి ఎక్కించే ఖర్చే గిట్టదు. అలాగని పాతిక వార్డులూ కలిపి ఒకే టెండర్ చేస్తే నాలాంటివాడికి అర్హతే ఉండదు, పెద్ద కంపెనీ తీసుకుని చివరికి నాకే సబ్‌కి ఇస్తుంది, మధ్యలో దాని వాటా అది తింటుంది, నేను మిగిలిన దాంట్లో చేయాలి. పక్కపక్క వార్డులు మూడు నాలుగు కలిపి ముప్పై నలభై లక్షల పని చేస్తే పోటీ బాగుంటుంది. ఇది నా అనుభవం, జీవో కాదు.

నామినేషన్, అంటే టెండర్ లేకుండా నేరుగా పని ఇచ్చేయడం గురించి రెండు ముక్కలే. కల్వర్టు కూలింది, రేపు స్కూలు బస్సు వెళ్ళాలి, అలాంటప్పుడు వాడుకోండి. పరిమితిలో ఇరికించడానికి ఒకే కాలవని మూడు ఫైళ్ళుగా కోసి ముగ్గురు బినామీలకి ఇస్తున్నారంటే ఎవరి కోసమో నన్నడక్కండి.

కట్టినవాడే ఐదేళ్ళు చూసుకునే పద్ధతి

గ్రామ సడక్ యోజన రోడ్లకి ఇది చాలా ఏళ్ళుగా ఉంది, రోడ్డు వేసినవాడే ఐదేళ్ళ నిర్వహణ కూడా ఆ ఒప్పందంలోనే చేయాలి. నాకు చాలా నచ్చిన పద్ధతి. మామూలు టెండర్లో రెండేళ్ళ డిఫెక్ట్ లయబిలిటీ (లోపం బయటపడితే కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు) ఉంటుంది గానీ, ఆ రెండేళ్ళలో ఒక్కసారన్నా ఎవరైనా వచ్చి నోటీసిస్తే కదా. నిర్వహణకి విడిగా ఏటా డబ్బు వస్తుందంటే కాంట్రాక్టర్ కూడా ముందే మందంగా వేస్తాడు, తర్వాత తిరగడం తగ్గుతుందని.

పట్టణంలో మాత్రం ఇది అన్ని వీధులకీ కుదరదు. తవ్వకం ఉన్న చోట ఐదేళ్ళ గ్యారంటీ ఉత్త కాగితం. గుంటూరు వాళ్ళకి వేరే చెప్పాలా? రాజధాని ప్రకటించిన కొత్తలో విజయవాడ వరద నీటి కాలవలకి, గుంటూరు భూగర్భ డ్రైనేజీకి కలిపి కేంద్రం 1000 కోట్లు ఇచ్చింది, అందులో 540 కోట్లు గుంటూరువి. వీధులు తవ్వారు, పైపులు కొన్ని వేశారు, పని నడుమ ఆగింది, తవ్విన రోడ్ల మీద ఊరంతా ఏళ్ళ తరబడి దుమ్ము తిన్నది. అలాంటి వీధిలో ఎవడైనా ఒక అడుగు కోస్తే చాలు, రోడ్డు వేసినవాడు చేతులు దులుపుకుంటాడు. నేనైనా అంతే. అందుకని ముందు పైపుల పని అయిపోయిన రోడ్ల జాబితా తీయండి, వాటికే ఐదేళ్ళ పద్ధతి పెట్టండి. మిగతావాటికి మామూలు టెండర్ చాలు.

తారు రోడ్ల గుంతలకి ఏడాది రేట్ కాంట్రాక్టే నయం, అంటే రేటు ముందే ఖాయం చేసుకుని పని పడ్డప్పుడల్లా చేయించుకోవడం. ఒక్కో గుంతకి టెండర్ పిలిచేది ఉండదు, పైగా హాట్ మిక్స్ ప్లాంటు వాడు టిప్పర్ లోడుకి తక్కువ ఇవ్వడు, ఆ లోడు వేడి తగ్గేలోపు వేసేయాలి. నాలుగు వీధుల గుంతలు ముందే చతురస్రంగా కోసి, ఊడ్చి, టాక్ కోట్ (అంటుకోవడానికి పల్చటి తారు) కొట్టి సిద్ధంగా ఉంచితే ఒక లోడు ఒక పూటలో అయిపోతుంది. గుంతలో రాళ్ళపొడి పోసి పైన నీళ్ళు చల్లి వెళ్ళిపోయేదానికి మాత్రం ఏ కాంట్రాక్టూ అక్కర్లేదు, ఆ మాత్రం ఆటో డ్రైవర్లే చేసుకుంటున్నారు.

పూడిక దగ్గర కాసేపు ఆగాలి

ఏటా డబ్బు నిజంగానే మురుగులో పోసే పని ఇది. డబ్బు ఎలా లెక్కకడతారన్నదాన్ని బట్టి పని రూపమే మారిపోతుంది, ఇది నేను కళ్ళారా చూశాను.

ఒక ఊళ్ళో ట్రాక్టర్ ట్రిప్పుకింత అని ఇచ్చారు. మే నెలాఖరు. కూలీలు కాలవలోంచి తీసిన సిల్టు పక్కనే కుప్పలు పోశారు. నల్లటి బురద, దాన్నిండా పాలిథిన్ కవర్లు, కొబ్బరి బోండాలు, ఎవరిదో చిన్నపిల్లల చెప్పు. తడి ఆరాలి కదా, అప్పుడే ఎత్తితే ట్రక్కులోంచి రోడ్డంతా కారుతుంది అన్నాడు మేస్త్రీ, అది నిజమే. రెండు రోజులు అలాగే ఉంది. స్కూటర్లు, కుక్కలు, కోళ్ళు దాన్ని కాస్త కాస్త వెనక్కి తోశాయి. మూడో రోజు సాయంత్రం గాలివాన. సగం కుప్ప తిన్నగా కాలవలోకి దిగింది. నాలుగో రోజు పొద్దున మళ్ళీ అదే సిల్టు, అవే బోండాలు, మళ్ళీ ట్రిప్పులు. కాంట్రాక్టర్‌కి కోపం వచ్చిందా అంటే రాలేదు, ఎందుకొస్తుంది? ట్రిప్పుకి డబ్బు ఇచ్చేచోట వాన కూడా వాడి కూలీనే.

మరి మీటరుకింత అని ఇస్తే? తెరిచి ఉన్న చోట బ్రహ్మాండంగా తీస్తారు, అద్దంలా ఉంటుంది, ఫొటో కూడా అక్కడే దిగుతారు. మన వీధుల్లో కాలవ తెరిచి ఉండేది ఎంత? ప్రతి ఇంటి ముందూ ఒక స్లాబు, బండి ఎక్కడానికి ఒక ర్యాంపు, కొట్టుంటే కొట్టు పొడుగునా అరుగు. వంద మీటర్ల కాలవలో నలభై మీటర్లు స్లాబుల కిందే ఉంటుంది. ఎం-బుక్‌లో వంద పడుతుంది, నీళ్ళు మాత్రం మొదటి స్లాబు దగ్గరే ఆగుతాయి. కాంట్రాక్టర్‌ని తిట్టి లాభం లేదు, ఎస్టిమేట్ తీసి చూడండి, స్లాబు ఎత్తి మళ్ళీ వేయడానికి అందులో ఐటమే ఉండదు. ఐటమ్ లేని పని లోకంలో ఎవడూ చేయడు.

యంత్రానికి గంటకింత అన్నది పీకలవాగు లాంటి పెద్ద వాగులకే. అక్కడ మనుషులు దిగి చేసేదేం లేదు, పొక్లెయిన్ ఉండాల్సిందే. ఆపరేటర్ ఫోన్ మాట్లాడుతున్నా ఇంజన్ తిరుగుతుంటుంది, మీటరు తిరుగుతుంటుంది, కాబట్టి పొద్దున, సాయంత్రం అవర్ మీటర్ ఫొటో తీయించండి, ఎంత దూరం ముందుకెళ్ళిందో గట్టు మీద సున్నంతో గీత పెట్టించండి. రెండూ పక్కన పెట్టుకుంటే ఎవరు నిద్రపోయారో తెలుస్తుంది.

ఇక సొంత గ్యాంగ్, అంటే మున్సిపాలిటీ తనే జీతమిచ్చి పెట్టుకున్న కూలీల జట్టు. ఖర్చు ఎక్కువంటారు. జీతం పని ఉన్నా లేకపోయినా ఇవ్వాలి, అదీ నిజమే. అయితే పాత గ్యాంగ్ మేస్త్రీకి ఏ ఇంటి ముందు స్లాబు లేస్తుందో, ఏది లేవదో, ఏ మలుపులో ఇటుక ముక్కలు ఇరుక్కుంటాయో, ఏ ఇంటాయన ముందుగా చెబితే ఒప్పుకుంటాడో నోటికి తెలుసు. ఆ జ్ఞానం టెండర్ షెడ్యూల్లో రాయలేం. సొంత గ్యాంగ్‌తో వచ్చే అసలు చిక్కు ఖర్చు కాదు, వాళ్ళని వాళ్ళ పనిలో ఉండనివ్వకపోవడం. ఎవరో పెద్దాయన వస్తున్నాడంటే దారంతా బ్లీచింగ్ గీతలు, ఎవరింట్లోనో పెళ్ళయితే వీధి శుభ్రం, ఇంకెవరి పెరట్లోనో గడ్డి. పదిమంది గ్యాంగ్‌లో కాలవ దగ్గర కనపడేది ఆరుగురు.

నేనైతే ఇలా చేస్తాను. వీధి కాలవలు ఏడాది పొడుగునా సొంత గ్యాంగ్‌కే, వారానికి ఇన్ని వీధులని తిప్పుతూ. జూన్‌లో వానలు దిగేలోపు, అంటే మే మూడో వారానికల్లా అయిపోయేట్టు, పెద్ద కాలవలు మాత్రం కాంట్రాక్టుకి. అందులో స్లాబు ఎత్తి వేసే ఐటమ్ విడిగా పెట్టాలి, తీసిన సిల్టు రెండో రోజుకల్లా ఎత్తకపోతే ఆ బిట్‌కి పైసా లేదని రాయాలి, కాలవ గోడ మీద ముందే పెయింటుతో అడుగు మట్టం గుర్తు పెట్టి ఆ గుర్తు కనిపిస్తేనే బిల్లు. ట్రిప్పు అన్న మాటే ఒప్పందంలో ఉండొద్దు.

మ్యాన్‌హోళ్ళు వేరే లెక్క. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ప్రాణం పోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబర్లో సుప్రీంకోర్టు చెప్పింది. జెట్టింగ్ మిషన్ (నీళ్ళ ఒత్తిడితో పూడిక వదిలించే యంత్రం) లేనివాడికి ఆ కాంట్రాక్టు ఇవ్వనే వద్దు, ఎంత లెస్‌కి వేసినా సరే. రాత్రిపూట గుట్టుగా ఎవరినో దింపుతాడు, పొద్దున్నే మీ ఊరి పేరు టీవీలో వస్తుంది.

మనుషుల్ని ఏజెన్సీ ద్వారా తీసుకుంటే

పారిశుద్ధ్యంలో ఈ గొడవ మన రాష్ట్రం చాలా చూసింది. జీవో 279 వచ్చినప్పుడు ఊరిని ముక్కలు చేసి ఏజెన్సీలకి ఇస్తామంటే మున్సిపల్ కార్మికులు రోడ్డెక్కారు. తర్వాత 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్ పెట్టి మధ్యలో ఏజెన్సీలు లేకుండా ఔట్‌సోర్సింగ్ వాళ్ళకి జీతాలు ఇవ్వడం మొదలైంది. అయినా 2023 డిసెంబర్ 26 నుంచి పదహారు రోజులు సమ్మె జరిగింది. ఆ రోజుల్లో సందుల మొదట్లో పేరుకున్న చెత్త గుట్టలు గుర్తున్నవాళ్ళకి, రోజూ పొద్దున్నే చీపురు పట్టేవాళ్ళ విలువ ఎంతో తెలుసు.

ఏజెన్సీ అంటే చవకనుకునేవాళ్ళకి ఒకటే మాట. కూలి రేటు, పీఎఫ్, ఈఎస్ఐ ఎవరిచ్చినా ఇవ్వాల్సినవే, ఏజెన్సీ కమీషన్ వాటి మీద అదనం. అది చవకగా తేలిందంటే ఆ పీఎఫ్ కట్టడం లేదనో, యాభై మంది పేర్లు రాసి నలభై మందిని పంపుతున్నాడనో అర్థం. వాడు జీతాలు ఎగ్గొట్టి పోతే చట్టప్రకారం చివరికి పడేది మున్సిపాలిటీ నెత్తినే. నా సలహా, రోజూ అదే మనుషులు చేసే పనికి ఏజెన్సీ వద్దు. పండగలకి, పుష్కరాలకి పదిహేను రోజుల కోసం మనుషులు కావాలంటే అప్పుడు తీసుకోండి.

ఇంకోటి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు విజయవాడకి ఊరూరి మున్సిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికుల్ని తెచ్చారు, ఇళ్ళలో బురద కడగడానికి ఫైరింజన్లు వాడారు. ఏ ఊరైనా సరే, ఏ కాంట్రాక్టులోనూ అలాంటి రోజు రాసి ఉండదు. రమ్మంటే వచ్చే మనుషులు సొంతంగా కొందరైనా ఉన్న ఊళ్ళే ఇంకో ఊరికి పంపగలుగుతాయి.

వీధి దీపాలు

ఒప్పుకోవాలి, బయటివాళ్ళకిచ్చి బాగుపడ్డ పని ఇది. 2014 అక్టోబర్లో హుద్‌హుద్ విశాఖని ఊడ్చేశాక అక్కడ తొంభై వేలకి పైగా ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు. కేంద్రం సంస్థ ఈఈఎస్ఎల్ పెట్టుబడి పెట్టడం, కరెంటు బిల్లులో మిగిలిన డబ్బుతో ఏడేళ్ళపాటు తీర్చుకోవడం, ఆ ఏడేళ్ళూ నిర్వహణ వాళ్ళదే. తర్వాత రాష్ట్రంలో చాలా ఊళ్ళకి అదే వచ్చింది. ఎందుకు కుదిరిందంటే ఇక్కడ కొలత మనిషి చేతిలో లేదు, కరెంటు మీటరులో ఉంది. బిల్లు తగ్గిందా లేదా అన్నది ఎం-బుక్‌లో మార్చలేరు.

తేడా వచ్చేది గడువు దగ్గరపడ్డాక. చివరి ఏడాది ఎవడికీ ఆసక్తి ఉండదు, స్పేర్లు రావు, పోయిన దీపం పోయినట్టే. చిన్న ఊరైతే గడువుకి ఏడాది ముందే పది శాతం ఫిట్టింగులు, ఎల్‌ఈడీ డ్రైవర్లు (దీపానికి కరెంటు సరిచేసి ఇచ్చే పరికరాలు) స్టోర్లో అప్పగించాలని ఒప్పందంలో రాయించుకోండి, ఇద్దరు సొంత ఎలక్ట్రీషియన్లకి వాళ్ళ పక్కనే పని నేర్పించండి. వెలిగే దీపాల లెక్క మీదే డబ్బివ్వండి, పెట్టిన స్తంభాల లెక్క మీద కాదు. దానికోసం నెలకోసారి రాత్రి పదింటికి బండేసుకుని ఊరు తిరగాలి, పగలు ఆఫీసులో రిజిస్టరు చూస్తే లాభం లేదు.

నీళ్ళు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు

కొత్త లైను వేయడం, ట్యాంకు కట్టడం టెండర్‌కి ఇవ్వండి, అది వేరు. వాల్వు తిప్పడం, లీకులు కట్టడం సొంత ఫిట్టర్లు, టర్న్‌కాక్‌ల చేతిలోనే ఉండాలి. గుంటూరునే చూడండి, ఉండవల్లి నుంచి తక్కెళ్ళపాడు, అక్కడ్నుంచి ట్యాంకులు, ట్యాంకుల నుంచి పాతకాలపు లైన్లు, వాటిమీద ఎప్పుడో వేసిన వాల్వులు. కొన్ని వాల్వులు ఎక్కడున్నాయో మ్యాపులో కాదు, రిటైర్ కాబోతున్న ఒక టర్న్‌కాక్ బుర్రలో ఉంటాయి. 2018 మార్చిలో ఆనందపేట వైపు తాగే నీళ్ళు కలుషితమై అతిసారంతో జనం చనిపోయారు. మురుగు కాలవలోంచి పోయే పైపుకి చిన్న లీకుంటే ఏమవుతుందో ఊరికి అప్పుడు తెలిసింది. లీకుకింత అని డబ్బిస్తే లీకులు పెరుగుతాయి, నెలకింత అని ఇస్తే ఫోన్ ఎత్తరు. ఇక్కడ పొదుపు చూడొద్దు.

పార్కులు, డివైడర్ల మొక్కలు, బోరు మోటార్ల రివైండింగ్ లాంటివి ఏడాది కాంట్రాక్టుకి ఇచ్చేయండి. చెడినా కొంపలు మునగవు.

అన్నీ ఒక్కడికే ఇస్తే ఏమవుతుంది

చేసి చూసినవాళ్ళున్నారు. అమెరికాలో అట్లాంటా పక్కన శాండీ స్ప్రింగ్స్ అని ఒక చిన్న నగరం. 2005లో కొత్తగా నగరంగా ఏర్పడినప్పుడు పోలీసు, ఫైర్ తప్పించి దాదాపు అన్ని పనులూ ఒకే కంపెనీకి అప్పజెప్పింది, అప్పట్లో ప్రపంచమంతా దాన్ని గొప్పగా చెప్పుకుంది. 2011లో ఆ ఒక్క కాంట్రాక్టుని విడగొట్టి పనివారీగా వేరువేరు కంపెనీలకి ఇచ్చింది. 2019లో లెక్కలేసుకుని సొంత ఉద్యోగులైతేనే తక్కువ పడుతుందని చాలా పనుల్ని వెనక్కి తెచ్చుకుంది. అలాగని మొదట చేసింది తప్పని నేననను, కొత్త ఊరికి ఒక్క ఉద్యోగి కూడా లేనప్పుడు అదొక దారి. కానీ వాళ్ళకి కాంట్రాక్టు చదివి, కంపెనీని నిలదీసే మనుషులున్నారు. మా బావమరిది ఊళ్ళో ఉన్నది ఒక్క ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), ఆయనకి పక్క ఊరు ఇన్‌ఛార్జి కూడా.

పైగా అన్నీ ఒక్కడికిస్తే మూడో ఏడు వాడిని తీసేయడానికి ధైర్యం చాలదు. ఊళ్ళో ట్రాక్టర్లు వాడివి, మనుషులు వాడి మనుషులు, ఆఖరికి ఏ స్విచ్ ఏ వీధిదో కూడా వాడికే తెలుసు. తప్పించాలంటే ఊరు చీకట్లో ఉండాలి.

డబ్బులు ఎప్పుడిస్తారన్నది కూడా చెప్పాలి, లేకపోతే ఈ పోలికలన్నీ దండగ. ఒక మున్సిపాలిటీలో నా బిల్లు పద్నాలుగు నెలలు ఆగింది. ఆన్‌లైన్లో ఎక్కింది, టోకెన్ నంబరు వచ్చింది, డబ్బు మాత్రం రాలేదు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కూలీలకి కట్టాను. ఆ తర్వాత అక్కడ టెండర్ వేసినప్పుడల్లా ఆ వడ్డీ ముందే కలుపుకున్నాను, నేనొక్కడినే కాదు, అందరూ కలుపుకుంటారు. కొన్నాళ్ళకి వేసేవాళ్ళే ఉండరు, మూడోసారి పిలిచినా సింగిల్ టెండరే. రెండు నెలల్లో బిల్లు ఇస్తారన్న పేరున్న ఊళ్ళో మంచి కాంట్రాక్టర్ తనే వచ్చి వేస్తాడు. కాబట్టి చేతిలో ఉన్న డబ్బుకి మించి పనులు మంజూరు చేయొద్దు, కౌన్సిలర్లకి ఇది చేదుగా ఉంటుందని తెలుసు.

ఇదంతా విని వాడు బస్టాండ్‌కి వెళ్ళిపోయాడు. వారం తర్వాత ఫోన్ చేశాడు. "బావా, మా ఊళ్ళో కాలవలు మొత్తం ఎన్ని మీటర్లని ఏఈ గారిని అడిగితే లిస్టు లేదన్నారు, పాత ఎస్టిమేట్లు చూసి రాసుకోమన్నారు" అన్నాడు. ముప్పై మీటర్ల టేపు ఒకటి కొనుక్కుని, ఇద్దరు కుర్రాళ్ళని తీసుకుని నీ వార్డుతోనే మొదలుపెట్టు అన్నాను. రెండు ఆదివారాలు పట్టిందట. వాడి వార్డులో కాలవలు మూడు కిలోమీటర్ల రెండొందల మీటర్లు తేలాయి. కిందటేడు పూడికతీత బిల్లులో అదే వార్డుకి ఆరు కిలోమీటర్లు రాసుంది.